టెంట్‌లో మిరప మొక్కలు మధ్యాహ్నానికి వాడిపోతున్నాయి, బకెట్లో నీళ్ళు మాత్రం నిండా ఉన్నాయి

చిగురు_మొదలు:

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఎప్పుడూ ఏమీ అడగలేదు, ఇప్పుడు ఇంక ఏం చెయ్యాలో తోచక రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

నాది ఇంట్లోనే మొక్కలు పెంచుకునే చిన్న టెంట్, 60×60 సెంటీమీటర్లు, ఎత్తు 140. పైన 100 వాట్ల ఎల్ఈడీ, దాని పక్కనే 100 మిల్లీమీటర్ల ఎగ్జాస్ట్ ఫ్యాన్, దానికి కార్బన్ ఫిల్టర్ (కిట్‌తోపాటే వచ్చింది). కింద రెండు నల్ల బకెట్లు, ఒక్కోటి 15 లీటర్లు, ఒక్కో దాంట్లో ఒక్కో మిరప మొక్క. పద్ధతి డీడబ్ల్యూసీ (డీప్ వాటర్ కల్చర్), అంటే మట్టి లేకుండా వేర్లు ఎరువు నీళ్ళలోకి దిగి పెరగడం. మూతకి రంధ్రం చేసి నెట్ పాట్ (జాలీ కుండీ) దించాను, అందులో క్లే బాల్స్ (కాల్చిన మట్టి గోళీలు), బకెట్ అడుగున బుడగలు వదిలే ఎయిర్ స్టోన్. విత్తనం వేసి ఏడు వారాలైంది.

మొదటి ఐదు వారాలు ఎంత బాగా పెరిగాయంటే, పొద్దున లేవగానే టెంట్ జిప్ తీసి చూసుకోవడమే నా పని. ఇప్పుడు ఆ జిప్ తియ్యాలంటేనే టెన్షన్. లైటు వెలిగిన ఐదారు గంటలకి ఆకులన్నీ తడిబట్ట ఆరేసినట్టు కిందికి జారిపోతున్నాయి. రాత్రి లైటు ఆరాక కొంచెం లేస్తున్నాయి, మళ్ళీ మర్నాడు అదే కథ. కొత్త ఆకులు ముడతలుగా వస్తున్నాయి, పాత ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు. మొదట్లో ఒక్కో మొక్క రోజుకి ముప్పావు లీటరు, లీటరు దాకా తాగేది. ఇప్పుడు గ్లాసుడు కూడా తాగట్లేదు.

నేను చేసినవి చెప్తాను. ఎరువు చార్టులో ఏడో వారానికి 1100 పీపీఎం (నీళ్ళలో ఎరువు ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) అని ఉంది, సరిగ్గా అంతే కలిపాను. మచ్చలు చూసి మొన్న కాల్‌మ్యాగ్ (కాల్షియం, మెగ్నీషియం కలిసిన మందు) కూడా వేశాను, ఇప్పుడు మీటర్ 1300 చూపిస్తోంది. పీహెచ్ రోజూ 5.8కి దించుతున్నాను, పొద్దున్నకల్లా 6.7, 6.8కి ఎక్కి కూర్చుంటోంది. నీళ్ళు ఎప్పుడూ నెట్ పాట్ అడుగుకి తగిలేలా నింపి ఉంచుతున్నాను, ఒక్క రోజు కూడా తగ్గనివ్వలేదు. లైటు 18 గంటలు. పురుగులు ఏమైనా ఉన్నాయేమో అని ఆకు కింద భూతద్దం పెట్టి చూశాను, ఏమీ లేవు.

నీళ్ళు ఉన్నాయి, ఎరువు ఉంది, వెలుగు ఉంది. ఇంకేం కావాలి వీటికి?


మిరపకాయ్_ఫ్యాన్:

బ్రో ఇది పక్కా కాల్షియం లోపం. కొత్త ఆకు ముడత, తుప్పు మచ్చలు, నాకూ ఇదే వచ్చింది. కాల్‌మ్యాగ్ ఇంకో డోసు వెయ్యి, లీటరుకి 1 ఎంఎల్. వారంలో సెట్ అయిపోతుంది.


వేర్లపిచ్చి:

ముందు ఒక్క మాట, దయచేసి ఆ బకెట్లో ఇంకేమీ వెయ్యకండి. కాల్‌మ్యాగ్ కాదు కదా, చెంచాడు పంచదార కూడా వద్దు. పై రిప్లై రాసినాయన మంచి మనసుతోనే రాశారు, కానీ మీ పోస్టులో అసలు సంగతి మచ్చల దగ్గర లేదు, "గ్లాసుడు కూడా తాగట్లేదు" అన్న దగ్గర ఉంది. పెరుగుతున్న మొక్క రోజురోజుకీ ఎక్కువ తాగాలి. తాగడం మానేసిందంటే నీళ్ళు పీల్చే చోట ఏదో అయింది, అంటే వేర్ల దగ్గర. పైన ఆకుల్లో కనిపించే లోపాలన్నీ దాని వెనకాల వచ్చేవే. కాల్షియం అనేది నీళ్ళతోపాటు పైకి వెళ్ళే పోషకం, మొక్క నీళ్ళే పీల్చకపోతే బకెట్లో ఎంత కాల్షియం ఉన్నా ఆకుకి చేరదు. అందుకే మీరు పోసినకొద్దీ మీటర్లో అంకె పెరిగింది గాని ఆకు మారలేదు.

ఇప్పుడు మూత ఎత్తి చూడండి. చూడటం ఒక్కటే చాలదు, ముట్టుకోండి. ఎరువు రంగు అంటుకుని వేర్లు లేత గోధుమ రంగులో ఉంటే భయం లేదు, అది మరక. కానీ చేతికి జిగురుగా తగులుతోందా? పూలు నాలుగు రోజులు కుళ్ళిన కుండీ నీళ్ళ వాసన వస్తోందా? ఒక సన్న వేరుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నెమ్మదిగా లాగండి. పైతొక్క తొడుగులా ఊడొచ్చి లోపల దారంలాంటిది మిగిలితే అది వేరు కుళ్ళు, చాలాసార్లు పిథియం అనే బూజులాంటి సూక్ష్మజీవి పని.

తర్వాత నీళ్ళ వేడి. థర్మామీటర్ ఉంటే లైటు ఆరేముందు ఒకసారి, వెలిగేముందు ఒకసారి ముంచి చూడండి. లేకపోతే చెయ్యి పెట్టండి, చల్లగా తగలాలి, గోరువెచ్చగా ఉంటే సగం జవాబు దొరికినట్టే. ఎయిర్ పంప్ ఎక్కడ పెట్టారో కూడా చెప్పండి, మీ పోస్టులో అది ఒక్కటీ రాయలేదు.


చిగురు_మొదలు:

చూశానండీ. చూడకుండా ఉంటే బాగుండేది అనిపించింది. టీ డికాషన్ రంగు, పట్టుకుంటే నాచులాగా జారుతోంది, వాసన మీరన్నదే. ఎడమ బకెట్లో లాగితే మీరు చెప్పినట్టే తొక్క ఊడి వేళ్ళకి అంటుకుంది, లోపల తెల్లటి దారం. కుడి బకెట్లో పైన రెండు అంగుళాలు ఫర్వాలేదు, కింద కుచ్చంతా అంతే.

నీళ్ళు సాయంత్రం 30 డిగ్రీలు, పొద్దున లైటు వెయ్యకముందు 27. టెంట్‌లో గాలి పగలు 34 దాకా పోతోంది. ఎయిర్ పంప్ నేల మీద పెడితే గుర్రుమని చప్పుడు చేస్తోందని టెంట్ పై కడ్డీకి కట్టి వేలాడదీశాను, లైటు పక్కన. ఇప్పుడు ముట్టుకుంటే ఇస్త్రీ పెట్టె తీసిన పది నిమిషాలకి ఉన్నంత వేడిగా ఉంది.

బుడగలు మాత్రం బాగా వస్తున్నాయి, అందుకే ఆక్సిజన్ గురించి ఆలోచించలేదు.


వేర్లపిచ్చి:

దొరికాడు దొంగ.

మీ టెంట్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు పైకప్పు కింద, లైటు పక్కన. పంప్‌ని తీసుకెళ్ళి అక్కడే కట్టారు, అది ఆ వేడి గాలినే పీల్చి, తన మోటారు వేడి కూడా కలిపి, 18 గంటలూ నీళ్ళ అడుగుకి ఊదుతోంది. అంటే ఎయిర్ స్టోన్‌ని హీటర్‌గా వాడుతున్నారన్నమాట. తప్పు పట్టడం కాదు, నేనూ ఇదే చేశాను ఒకప్పుడు, కాకపోతే నాకు చెప్పేవాళ్ళు లేక నాలుగు మొక్కలు పోయాకే తెలిసింది.

బుడగలు బాగా వస్తున్నాయి అన్నారు. బుడగ ఎంత వచ్చినా నీళ్ళు పట్టుకోగలిగినంతే పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర ఏడున్నరే. ఇది చూసి "ఒకటిన్నరేగా తగ్గింది" అనుకోకండి, అదే వేడికి వేరు ఊపిరి ఎక్కువ తీసుకుంటుంది, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులూ రెచ్చిపోతాయి. రాబడి తగ్గింది, ఖర్చు పెరిగింది. నీళ్ళు 18 నుంచి 22 మధ్య ఉంచగలిగితే హాయి, 24 దాకా నెట్టుకురావచ్చు, 26 దాటితే నాకు నిద్ర పట్టదు.

రెండోది నీటి మట్టం. నెట్ పాట్ తగిలేలా నింపడం మొలకకే, వేరు ఇంకా కిందికి రాలేదు కాబట్టి. వేరు బకెట్లోకి దిగాక మట్టం తగ్గించాలి, పాట్ అడుగుకీ నీళ్ళకీ మధ్య నాలుగైదు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో ఉండే వేరు తేమ గాలిలో ఊపిరి తీసుకుంటుంది, కింది వేరు నీళ్ళు తాగుతుంది. పైనుంచి కిందిదాకా మొత్తం ముంచేస్తే ఆ సదుపాయం పోయి అంతా పంప్ మీదే ఆధారపడాల్సి వస్తుంది. మీరు ప్రేమగా రోజూ నింపడమే మొక్కకి కష్టమైంది. కరెంటు పోయినా ఈ గాలి వేర్లే కొన్ని గంటలు మొక్కని కాపాడతాయి.

ఇవాళ చెయ్యాల్సింది చెప్తాను. పంప్ టెంట్ బయటకి, చల్లటి చోట, కానీ నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి, లేదా ట్యూబులో చెక్ వాల్వ్ వెయ్యండి. లేకపోతే పంప్ ఆగినప్పుడు నీళ్ళు ట్యూబులోంచి వెనక్కి పాకి పంప్‌లోకి పోతాయి. చప్పుడుకి కింద మందపాటి స్పాంజి ముక్క చాలు. తర్వాత బకెట్లు ఖాళీ చేసి, మొక్క వేర్లని మామూలు నీళ్ళ ధార కింద నెమ్మదిగా కడగండి, జారిపోయేదంతా పోనివ్వండి, తొక్క ఊడినవి కత్తిరించెయ్యండి, కొంచెమైనా గట్టిగా ఉన్నవాటి జోలికి పోకండి. కొత్త నీళ్ళు పలచగా, ఈసీ (ఎరువు చిక్కదనానికి ఇంకో కొలత, మీటర్లోనే ఉంటుంది) 1.0 మించకుండా. నేనైతే మొదటి రెండు మూడు రోజులు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ లీటరుకి 2, 3 ఎంఎల్ వేస్తాను, అది రోజు రెండ్రోజుల్లో నీళ్ళూ ఆక్సిజనూ అయిపోతుంది. కొందరు బాసిల్లస్ బాక్టీరియా పొడి వాడతారు, అదీ మంచిదే, కానీ రెండూ కలిపి వాడితే మొదటిది రెండోదాన్ని చంపుతుంది, ఏదో ఒకటే ఎంచుకోండి.

లైటు సగానికి డిమ్ చెయ్యండి ఒక వారం. వేరు లేని మొక్కని పూర్తి వెలుగులో నిలబెట్టడమంటే కాలు విరిగినవాణ్ణి పరిగెత్తమన్నట్టే. మొగ్గలుంటే తుంచెయ్యండి, బాధేస్తుంది, అయినా తుంచండి.


అంకెల_అన్న:

వేర్లపిచ్చి గారు చెప్పినదానితో నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అది పీపీఎం.

పీపీఎం మీటర్ ఏదీ పీపీఎం కొలవదు. అది కొలిచేది ఈసీ, అంటే నీళ్ళలోంచి కరెంటు ఎంత పారుతోందన్నది, దాన్ని ఒక అంకెతో గుణించి పీపీఎం అని చూపిస్తుంది. ఆ అంకె కొన్ని మీటర్లలో 500, కొన్నిట్లో 700. ఒకే నీళ్ళు, ఈసీ 1.0 ఉంటే ఒక మీటర్ 500 అంటుంది, ఇంకోటి 700 అంటుంది, రెండూ నిజమే. మీ చార్టు ఏ స్కేల్ మీద రాసిందో, మీ మీటర్ ఏ స్కేల్‌దో చూసుకున్నారా? చార్టు 700ది అయితే 1100 అంటే ఈసీ 1.57. మీ మీటర్ 500ది అయితే అదే 1100 అంటే ఈసీ 2.2. కాల్‌మ్యాగ్ వేసి 1300 అయ్యాక 2.6. ఏడు వారాల మిరపకి నేను 1.4 నుంచి 1.8 మధ్యలోనే ఉంచుతాను, కాయ పట్టాక రెండు దాటిస్తాను. ఇప్పటికే ఊపిరాడని వేరుకి అంత చిక్కటి ఉప్పు నీళ్ళు అంటే గోరుచుట్టు మీద రోకటి పోటే.

అందుకే నేను పీపీఎం అన్న మాటే వాడను. మీటర్ సెట్టింగుల్లో ఈసీ అని ఉంటుంది, దానికి మార్చేసి ఆ చార్టు అవతల పారెయ్యండి. చార్టు కంటే బకెట్టే బాగా చెప్తుంది. నీళ్ళు తగ్గి ఈసీ పెరిగితే మొక్క నీళ్ళే ఎక్కువ తాగుతోంది, ఎరువు చిక్కగా ఉందని అర్థం, పలచన చెయ్యాలి. నీళ్ళతోపాటు ఈసీ కూడా పడిపోతే ఆకలిగా ఉంది. నీళ్ళు తగ్గినా ఈసీ కదలకపోతే సరిగ్గా ఉన్నట్టు. నీళ్ళూ తగ్గక, ఈసీ కూడా కదలకపోతే, అదే మీ పరిస్థితి, మొక్క తినడం మానేసింది.

పీహెచ్ గురించి కూడా. పొద్దున్నకల్లా పెరుగుతోందంటే చాలావరకు మీ నీళ్ళలో బైకార్బొనేట్ ఎక్కువుందని నా అనుమానం. యాసిడ్ పోయగానే అది కార్బన్ డయాక్సైడ్‌గా మారి నీళ్ళలోనే ఉంటుంది, అప్పుడు పీహెచ్ తక్కువ చూపిస్తుంది, రాత్రంతా బుడగలు దాన్ని బయటకి తోలేస్తాయి, పీహెచ్ మళ్ళీ పైకి. కొత్త నీళ్ళు కలిపినప్పుడు వేరే డబ్బాలో యాసిడ్ వేసి రాత్రంతా బుడగలు పెట్టి, పొద్దున మళ్ళీ సరిచేసి, అప్పుడు బకెట్లో పొయ్యండి. రోజూ 5.8కి గుంజక్కర్లేదు కూడా, 5.5 నుంచి 6.5 మధ్య తిరుగుతుంటే తిరగనివ్వండి. ఆరోగ్యంగా ఉన్న మొక్క నైట్రేట్ తినేకొద్దీ పీహెచ్ దానంతటదే కొంచెం పెరుగుతుంది, అది రోగం కాదు.

పీహెచ్ మీటర్‌ని 7, 4 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) ఆఖరిసారి ఎప్పుడు సరిచూశారు? ప్రోబ్ ఎండబెట్టి డబ్బాలో పెడుతున్నారా? జవాబు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు :)


చిగురు_మొదలు:

అంకెల_అన్న గారూ, మీటర్ వెనక చిన్న అక్షరాల్లో 500 అని ఉంది. చార్టు కింద మూలన 700 స్కేల్ అని ఉంది. ఏడు వారాలుగా రెండూ నా కళ్ళ ముందే ఉన్నాయి. ప్రోబ్ సంగతి వదిలెయ్యండి.


పాత_టెంట్:

ఆలస్యంగా వచ్చాను, పైవాళ్ళు అసలు పని అయితే చేసేశారు. టెంట్ మాట మాట్లాడతాను.

మీ ఫ్యాన్‌కి ఉన్న కార్బన్ ఫిల్టర్ ఎందుకు పెట్టారండీ? కిట్‌లో వచ్చింది కాబట్టి, అంతేగా? ఈ చిన్న టెంట్ కిట్లూ, వారాలవారీ చార్టులూ చాలావరకు గంజాయి పెంచేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఫిల్టర్ ఉండేది ఆ మొక్క వాసన బయటకి పోకుండా ఆపడానికి. మిరప మొక్కకి దాచాల్సిన వాసనేం ఉంది? ఆ బొగ్గు డబ్బాలోంచి గాలి గుంజడానికి ఫ్యాన్ ఊపిరంతా అక్కడే పోతోంది. పీకి పక్కన పెట్టండి, అదే స్పీడుకి ఎక్కువ గాలి కదులుతుంది, చప్పుడూ తగ్గుతుంది. టెంట్ కిందనున్న జాలీ కిటికీలు తెరిచి ఉంచండి. ఫ్యాన్ సరిగ్గా పనిచేస్తుంటే టెంట్ గోడలు కొంచెం లోపలికి పీల్చుకున్నట్టు కనపడతాయి, ఉబ్బినట్టు కాదు.

ఆ చార్టుల్లోనే ఇంకో తిరకాసు ఉంది, పూతకి 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి చెయ్యమంటాయి. గంజాయి రాత్రి పొడుగైతే పూసే మొక్క, దానికి అది కావాలి. మిరపకి పగటి పొడుగుతో పని లేదు, దాని వయసొస్తే అది పూస్తుంది. 12 గంటలకి తగ్గించి పూత కోసం ఎదురుచూసినవాళ్ళని చూశాను, పూత వచ్చింది, కానీ ఎలాగూ వచ్చేదే.

మీకు 18 గంటలు కూడా అక్కర్లేదు. లెక్క చెప్తాను. మంచి ఎల్ఈడీ వాటుకి సెకనుకి రెండున్నర మైక్రోమోల్స్ (మొక్కకి పనికొచ్చే వెలుగు కొలత) ఇస్తుందనుకుంటే 100 వాట్లకి 250, మీ టెంట్ నేల 0.36 చదరపు మీటర్లు, అంటే కాగితం మీద చదరపు మీటరుకి దాదాపు 690. గోడలకి పోయేది పోగా, డిమ్ చేసి 400 దగ్గర పెట్టారనుకోండి, 15 గంటలకి రోజు మొత్తం 21, 22 మోల్స్ వస్తుంది (400ని 15తో, దాన్ని 0.0036తో గుణించండి). ఈ వయసు మిరపకి అది పుష్కలం. మూడు గంటల వేడి తగ్గింది. ఆ 15 గంటల్ని రాత్రిళ్ళకి జరపండి, సాయంత్రం వెలిగించి పొద్దున ఆపండి, గది చల్లగా ఉన్నప్పుడు లైటు వేడి, గది వేడిగా ఉన్నప్పుడు టెంట్‌లో చీకటి. లోపల వెలిగే 100 వాట్లూ చివరికి వేడిగానే మిగులుతుందని గుర్తుపెట్టుకోండి, వేరే దారి లేదు దానికి.

బకెట్లు నల్లవి అన్నారు. లోపలికి వెలుగు పోకుండా నలుపు మంచిదే, లేకపోతే పాచి పడుతుంది, కానీ పైనుంచి పడే వెలుగుని అది వేడిగా మార్చుకుంటుంది. చుట్టూ, మూత మీదా తెల్ల కాగితమో వెండి రంగు షీటో చుట్టండి.

ఒక్క ప్రశ్న, కరెంటు బోర్డు ఎక్కడుంది?


చిగురు_మొదలు:

...టెంట్ నేల మీద, రెండు బకెట్ల మధ్య.


పాత_టెంట్:

అనుకున్నా. మిగతావన్నీ తర్వాత, ముందు లేచి దాన్ని తీసి టెంట్ బయట, గోడకి, బకెట్ మూతల కంటే పైన బిగించండి. తీగలు ప్లగ్గులోకి వెళ్ళేముందు ఒకసారి కిందికి ఉయ్యాలలా వేలాడాలి, తీగ వెంట నీటి చుక్క జారినా ఆ వంపు దగ్గర నేల మీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. మొక్క పోతే ఇంకో విత్తనం వేసుకోవచ్చు.


మిరపకాయ్_ఫ్యాన్:

నేను తొందరపడ్డాను, కాల్‌మ్యాగ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే నా మొక్కకి నిజంగానే కాల్‌మ్యాగ్‌తో తగ్గింది కదా, అది ఎలా మరి?


అంకెల_అన్న:

మీరు ఆర్ఓ నీళ్ళు వాడతారా? ఆర్ఓ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు, అక్కడ కాల్‌మ్యాగ్ వెయ్యడం న్యాయమే. ఈయనవి పీహెచ్ ఎక్కే గట్టి నీళ్ళు, వాటిలో ఎంతో కొంత ఆ రెండూ ముందే ఉంటాయి. ఒకే మచ్చకి రెండు ఇళ్ళల్లో రెండు కారణాలు.


ఆకుకూరల_ఆవిడ:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది కూడా ఇంత టెంటే. ఒకే పెద్ద టబ్బులో మిరప, లెట్యూస్ కలిపి పెట్టొచ్చా? చోటు కలిసొస్తుందని.


వేర్లపిచ్చి:

వద్దండీ. లెట్యూస్‌కి ఈసీ 0.8 నుంచి 1.2 చాలు, మిరప కాయ పట్టేసరికి దానికి రెట్టింపు అడుగుతుంది, ఒకదానికి వండితే ఇంకోటి పస్తు ఉండాలి, లేదా అజీర్తి. లెట్యూస్‌కి పంప్ కూడా అక్కర్లేదు, నాలుగైదు లీటర్ల మూత డబ్బాలో ఒక్కసారి ఎరువు నీళ్ళు నింపి వదిలేస్తే, నీళ్ళు దిగేకొద్దీ పైన గాలి ఖాళీ దానంతటదే పెరుగుతూ ఐదారు వారాల్లో కోతకొస్తుంది. క్రాట్కీ పద్ధతి అంటారు, హవాయి విశ్వవిద్యాలయం ఆయన పేరు మీద. పైన నేను మట్టం గురించి మొత్తుకున్నది కూడా ఇదే సూత్రం. లోపల ఒక చిన్న ఫ్యాన్ గాలి ఆకుల మీద ఆడేలా మాత్రం పెట్టండి, గాలి కదలకపోతే లెట్యూస్ లోపలి లేత ఆకుల అంచులు మాడతాయి, అదీ కాల్షియం చేరకే.


చిగురు_మొదలు:

పదకొండు రోజుల తర్వాత వచ్చాను. ఒక మంచి వార్త, ఒక చెడ్డ వార్త.

ఎడమ మొక్క పోయింది. కడిగితే వేరే మిగల్లేదు, ధారతోపాటు అంతా వెళ్ళిపోయింది, చివరికి నెట్ పాట్ కింద చీపురు పుల్లల్లాంటి నాలుగు మిగిలాయి. ఐదు రోజులు చూశాను, కాండం మొదట్లో మెత్తబడింది, తీసేశాను.

కుడిది బతికింది! ఆరో రోజు మూత ఎత్తితే ఆ డికాషన్ రంగు కుచ్చు పైన, నీళ్ళు తగలని ఖాళీలో, పాట్ పక్కల్లోంచి తెల్లగా చిన్న చిన్న వేర్లు, టూత్ బ్రష్ కుచ్చుల్లా పొడుచుకొచ్చాయి. నిన్నటికి అవి నీళ్ళలోకి దిగాయి. నాలుగు రోజులుగా మళ్ళీ తాగుతోంది, నిన్న అర లీటరు. మధ్యాహ్నం వాడటం ఆగిపోయింది, సారీ, ఇప్పుడు మధ్యాహ్నం దానికి రాత్రి కదా. పాత ఆకుల మచ్చలు అలాగే ఉన్నాయి, కొత్తగా వచ్చిన నాలుగు ఆకులు మాత్రం నున్నగా ఉన్నాయి. ఫిల్టర్ పీకాక టెంట్ 29 దాటట్లేదు, నీళ్ళు 23. ఈసీ 1.2.

రెండు ప్రశ్నలు. ఎడమ బకెట్‌ని ఎలా శుభ్రం చెయ్యాలి, మళ్ళీ వాడొచ్చా? ఇంకోటి, బతికిన దాంట్లో మళ్ళీ మొగ్గలొస్తున్నాయి, తుంచాలా ఉంచాలా?


పాత_టెంట్:

బకెట్ వాడొచ్చు. బ్లీచ్ కలిపిన నీళ్ళు నింపి అరగంట ఉంచి, బాగా రుద్ది, మూడు నాలుగు సార్లు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి, బ్లీచ్ ఉన్న బకెట్లో మీ పీహెచ్ డౌన్ చుక్క కూడా పడకూడదు. అది యాసిడ్, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. పెరాక్సైడ్ కూడా కలపొద్దు. క్లే బాల్స్ నీళ్ళలో మరిగించండి. ఎయిర్ స్టోన్, ట్యూబు మాత్రం పారేసి కొత్తవి వెయ్యండి, రాయి లోపలి రంధ్రాల్లో ఏం దాక్కుందో ఎవరు చూశారు. కుడి బకెట్‌కి కూడా మొక్క కుదుటపడ్డాక ఇదే చెయ్యండి, ఒక పూట వేరే డబ్బాలో ఉంటే దానికేం కాదు.


వేర్లపిచ్చి:

ఆ తెల్ల కుచ్చులు గాలిలోంచి వచ్చాయని మీరే రాశారు చూడండి, నాకు అది చదివి భలే సంతోషమేసింది.

మొగ్గలు ఇంకో రెండు వారాలు తుంచండి. ఇదివరకులా రోజుకి లీటరు దాకా తాగడం మొదలెట్టాక వదిలెయ్యండి, అప్పుడు ఈసీ కూడా మెల్లగా 1.6కి తీసుకెళ్ళండి, ఒక్కసారిగా కాదు. పూలు విచ్చుకున్నాక కొమ్మని వేలితో రోజుకోసారి టప్పున తట్టండి, టెంట్‌లో గాలీ తేనెటీగా లేవు కదా, పుప్పొడి రాలేది ఆ తట్టుడుకే. మీది ఇప్పుడు 29 కాబట్టి ఫర్వాలేదు, మళ్ళీ 33, 34కి పోనిస్తే మాత్రం తట్టకుండానే పూలు చాలావరకు రాలిపోతాయి.


చిగురు_మొదలు:

సరేనండీ, తుంచేశాను, తొమ్మిది మొగ్గలు. ఎడమ బకెట్ ఎండలో ఆరుతోంది. దాంట్లో ఈసారి లెట్యూస్ పెడుతున్నాను, పంప్ లేకుండా.